ఇంటికి వచ్చే నర్సమ్మ, ఆమెను పంపే బ్యూరో



ఈ విషయం మీద రేడియోలో పదిహేను నిమిషాలు మాట్లాడాను. టైము చాలక సగం సంగతులు గొంతులోనే వుండిపోయాయి. ఇప్పుడు అచ్చు వేస్తామన్నారు కనుక వాటిని కూడా కలిపి రాస్తున్నాను. పదో తరగతితో చదువు ఆగిపోయిన ఇల్లాలిని, చట్టాల చరిత్ర నాకెందుకు అని మీకు అనిపించవచ్చు. నాకూ మొదట అట్లాగే అనిపించింది. అయితే మంచం పట్టిన మనిషి ఇంట్లో వున్నప్పుడు ఏ చట్టం వుంది, ఏది లేదు అన్నది వంటింటి దాకా వచ్చి కూర్చుంటుంది.

మాది కోట. గూడూరులో బస్సెక్కి తూర్పుగా, సముద్రం వైపు వస్తే విద్యానగర్ తరవాత మా వూరు. మూడేళ్ళ కిందట మా అత్తగారు తెల్లవారుజామున వాకిట్లో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. నెల్లూరులో ఆపరేషను చేయించి పన్నెండో రోజున ఇంటికి తీసుకొచ్చాం. ఆరు వారాలు మంచం దిగకూడదన్నారు డాక్టరుగారు. ఆవిడ బరువైన మనిషి, నేను ఒక్కదాన్ని. పిల్లలకు పరీక్షలు. ఆడబిడ్డ దూరాన వుంది. అప్పుడు తెలిసినవాళ్ళు పట్నంలో ఒక బ్యూరో సంగతి చెప్పారు. దాని పేరు ఇక్కడ అనవసరం. ఫోను చేస్తే చాలు, ట్రైనింగు అయిన నర్సును ఇంటికే పంపిస్తారట. ఇరవై నాలుగు గంటల డ్యూటీ, నెలకు 18 వేలు, ఒక నెల అడ్వాన్సు, పైన రిజిస్ట్రేషను ఫీజు 2 వేలు. మారు మాట్లాడకుండా కట్టేశాం.

వచ్చిన పిల్లకు పందొమ్మిదేళ్ళు వుంటాయేమో. తెల్లకోటు వేసుకుని, చేతిలో బి.పి. మిషను పట్టుకుని వచ్చింది. మంచి పిల్ల. మా అత్తగారికి తల దువ్వేది, అన్నం కలిపి నోటికందించేది, రాత్రి నిద్రపట్టకపోతే కబుర్లు చెప్పేది. పొద్దున, సాయంత్రం బి.పి. చూసి ఒక నోటు పుస్తకంలో రాసేది. నాలుగో రోజున ఆ పుస్తకం తిరగేశాను. ఎనిమిదిసార్లు చూస్తే ఎనిమిదిసార్లూ 120, 80 అని వుంది. మా అత్తగారికి పదేళ్ళుగా రక్తపోటు మాత్రలు నడుస్తున్నాయి, ఏనాడూ ఆ అంకె చూసిన పాపాన పోలేదు. మనసులో ఏదో అనుమానం వచ్చింది గానీ, చదువుకున్న పిల్లను అడగడానికి మొహమాటపడ్డాను. అది నా తప్పే.

రెండు వారాలు తిరిగేసరికి ఆవిడ నడుము కింద చర్మం ఎర్రబడి, పుండు పడింది. డాక్టరుగారు చూసి, "ఎవరమ్మా చూసుకుంటున్నది?" అన్నారు. నర్సును పెట్టామండీ అన్నాను కాస్త గర్వంగానే. "రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలని తెలియని నర్సు ఎక్కడ దొరికిందమ్మా మీకు?" అన్నారాయన. ఆ మాటకు నేను తల ఎత్తలేకపోయాను.

ఆ రాత్రి వంటింట్లో కూర్చోబెట్టి అడిగితే ఆ పిల్ల భోరుమంది. "అక్కా, నేను నర్సును కాదు. ఇంటరు ఫెయిలు. బ్యూరోలో మూడు దినాలు నేర్పినారు. నర్సని చెప్పమన్నారు. నేను చెప్పినట్టు వాళ్ళకు చెప్పబాక అక్కా" అని చేతులు పట్టుకుంది. మేం కట్టే 18 వేలలో ఆమె చేతికి వచ్చేది 11 వేలు. మొదటి నెల జీతం డిపాజిట్టు కింద బ్యూరోవాళ్ళే పట్టుకున్నారు. పదో తరగతి సర్టిఫికెట్టు అసలుది కూడా వాళ్ళ బీరువాలోనే వుంది. మధ్యలో మానేస్తే రెండూ రావు.

మర్నాడు మా ఆయనను వెంటబెట్టుకుని ఆ బ్యూరోకు వెళ్ళాను. గోడమీద దేవుడి పటాల పక్కన అద్దం కట్టించిన సర్టిఫికెట్టు వుంది. "చూడండమ్మా, గవర్నమెంటు రిజిస్టర్డు సంస్థ మాది" అని యజమాని దానివైపు చెయ్యి చూపించాడు. కళ్ళజోడు పెట్టుకుని దగ్గరగా వెళ్ళి చదివాను. అది కార్మికశాఖ వారిచ్చింది. 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం కింద ఇచ్చే నమోదు పత్రం. బట్టలకొట్టుకూ ఇస్తారు, టిఫిను హోటలుకూ ఇస్తారు. నర్సులకూ దానికీ ఏమీ సంబంధం లేదు. ఆ సంగతి అంటే, "నర్సులను ఇళ్ళకు పంపడానికి వేరే లైసెన్సేదీ లేదమ్మా, వుంటే మేమూ తీసుకుందుము" అన్నాడు. కోపం వచ్చింది గానీ, ఆ తరవాత తెలిసినవాళ్ళను అడిగి, లైబ్రరీలో పుస్తకాలు తిరగేసి చూసుకుంటే ఆ మాటలో అబద్ధం లేదు. మిగతావన్నీ అబద్ధాలు చెప్పినా ఆ ఒక్కటి నిజమే చెప్పాడు.

మరి నర్సు అంటే ఎవరు? ఫలానా మనిషి నర్సు, ఫలానా మనిషి కాదు అని తేల్చేది ఎవరు? ఇది మన దేశంలో నిన్నా మొన్నా పుట్టిన ప్రశ్న కాదు. మనం మద్రాసు రాజధానిలో భాగంగా వున్న రోజుల నుంచీ నలుగుతూ వున్నదే.

పూర్వం కాన్పులకు మంత్రసాని వుండేది, జబ్బుకు ఇంట్లో ఆడవాళ్ళే వుండేవారు. పరాయి మనిషి జీతానికి వచ్చి రోగికి సేవ చేయడమన్నది మనకు అలవాటులేని సంగతి. మద్రాసులో 1854లో మంత్రసానులకు శిక్షణ మొదలుపెట్టారు. 1871లో మద్రాసు పెద్దాసుపత్రిలో నర్సుల శిక్షణ మొదలయింది. ఇంగ్లండు నుంచి నర్సులను రప్పించి పాఠాలు చెప్పించారు. ఫ్లోరెన్స్ నైటింగేల్ లండనులో నర్సుల బడి తెరిచిన 1860వ సంవత్సరానికి ఇది పదకొండేళ్ళ తరవాత. తెలుగునాట ఈ పని ఎక్కువగా మిషనరీ ఆడవాళ్ళు చేశారు. 1883లో గుంటూరు వచ్చిన డాక్టరు అన్నా కుగ్లర్ అక్కడ ఆడవాళ్ళకు, పిల్లలకు ఆసుపత్రి పెట్టారు. మన నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ వారి ఆడవాళ్ళ ఆసుపత్రి వుండేది. ఆ రోజుల్లో ఈ పనికి ముందుకు వచ్చినవాళ్ళలో ఎక్కువమంది కిరస్తానీ పిల్లలు, దిక్కులేని ఆడవాళ్ళు. అందరి వొళ్ళూ ముట్టుకోవాలి, మలమూత్రాలు ఎత్తాలి, రాత్రిళ్ళు బయట వుండాలి. మంచి కుటుంబాల వాళ్ళు ఆ పనికి వెళ్ళకూడదన్నారు. ఆ చులకన భావం మనలో ఇంకా పూర్తిగా పోలేదు. నర్సమ్మకు ఇచ్చే జీతం దగ్గరే అది బయటపడుతుంది.

ఇళ్ళకు నర్సులను పంపే సంస్థలు కూడా ఆ కాలం నుంచే వున్నాయి. ఇది తెలిసినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. 1906లో అప్పటి వైస్రాయి భార్య లేడీ మింటో పేరుతో ఒక నర్సింగు సంఘం ఏర్పడింది. దేశంలో దూర దూరంగా వుండే తెల్లదొరల కుటుంబాలలో ఎవరికైనా జబ్బు చేస్తే ఇంగ్లీషు నర్సును ఇంటికి పంపడం దాని పని. చందాదారులుగా చేరినవాళ్ళకు అవసరమైనప్పుడు నర్సు వచ్చేది. మద్రాసులో గవర్నరు భార్య లేడీ ఆంప్తిల్ పేరున వుండిన నర్సుల సంస్థ కూడా ఇట్లాంటిదే. అంటే అద్దెకు నర్సును తెచ్చుకోవడమనే పద్ధతి దొరసానుల ఇళ్ళలో మొదలై, నూరేళ్ళకు మా కోట దాకా వచ్చిందన్నమాట. తేడా ఒక్కటే. ఆ సంఘాలు శిక్షణ పొందిన నర్సులనే తీసుకునేవి. దొరల ప్రాణాలు కదా మరి!

ఇక రిజిస్టరు సంగతి. ఇంగ్లండులో నర్సుల రిజిస్ట్రేషను చట్టం 1919లో వచ్చింది. మద్రాసు శాసనసభ 1926లో నర్సులు, మంత్రసానుల చట్టం చేసింది. ఒక కౌన్సిలు ఏర్పాటయింది. శిక్షణ పొంది పరీక్ష ప్యాసయిన ఆడవాళ్ళ పేర్లు ఒక రిజిస్టరులో ఎక్కించి నెంబరు ఇవ్వసాగారు. ఆంధ్రరాష్ట్రం వేరుపడిన తరవాత కూడా, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరవాత కూడా ఆ 1926 చట్టాన్నే సవరణలతో మనం వాడుకుంటూ వచ్చాం. మీ ఇంటికి వచ్చిన నర్సు నిజమైన నర్సయితే ఆమెకు ఒక రిజిస్ట్రేషను నెంబరు వుంటుంది. ఆ నెంబరుకు మూలపురుషుడు, కాదు కాదు, మూలపుటమ్మ ఆ 1926 రిజిస్టరు.

రిజిస్టరు వచ్చింది గానీ అందులో పేర్లు ఎన్ని? 1946లో భోర్ కమిటీ నివేదిక ఇచ్చేనాటికి దేశం మొత్తానికి వున్న నర్సులు సుమారు 7,000. అంటే 43,000 మందికి ఒక్క నర్సు. ఎవరింట్లో రోగి వున్నా ఆ నర్సును ఇంటికి పిలిపించుకోగలరా? 1947లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిలు చట్టం వచ్చింది, దేశమంతా ఒకే రకం చదువు వుండాలని. మన రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు అధ్యక్షురాలిగా వుండగా, 1958 నుంచి, మధ్యలో చదువు ఆగిపోయిన ఆడవాళ్ళకు రెండేళ్ళలో మెట్రిక్ ప్యాసయ్యే కోర్సులు పెట్టించారు. మెట్రిక్ ప్యాసయితే నర్సు ట్రైనింగుకో, గ్రామసేవిక ట్రైనింగుకో వెళ్ళవచ్చు. నాలాంటి పదో తరగతివాళ్ళు ఆవిడకు చేతులెత్తి దండం పెట్టాలి.

ఇంత చేసినా, చట్టం నర్సునే చూసింది. నర్సును పంపి మధ్యలో డబ్బు తీసుకునేవాడిని చూడలేదు.

ఇంగ్లండు వాళ్ళు దాన్ని చూశారు. అక్కడ రోగుల ఇళ్ళకు నర్సులను పంపే ప్రైవేటు సంస్థలు పెరిగి, నర్సు సంపాదనలో పెద్దభాగం మింగేస్తుంటే, 1891లో లండనులో కొందరు నర్సులే కలిసి సొంతంగా సహకార సంఘం పెట్టుకున్నారు. వచ్చిన ఫీజు నర్సుదే, సంఘం ఖర్చుకు కొద్దిపాటి కమీషను మాత్రం. అయినా దొంగ ఏజెన్సీలు పోలేదు. యుద్ధకాలంలో నర్సులకు కరువు వచ్చింది. ఆ రోజుల్లో, 1943లో, పార్లమెంటు ఒక నర్సుల చట్టం చేసి, అందులో రెండో భాగం మొత్తం ఈ ఏజెన్సీలకే కేటాయించింది. 1957లో దాన్ని విడదీసి నర్సుల ఏజెన్సీల చట్టం అని ప్రత్యేకంగా పెట్టారు. స్థానిక అధికారుల దగ్గర లైసెన్సు లేకుండా ఎవరూ నర్సులను పంపే వ్యాపారం చేయకూడదు. ఏ రోగి దగ్గరికి ఏ నర్సును పంపాలో నిర్ణయించేది గుమాస్తా కాదు, రిజిస్టరయిన నర్సుగానీ డాక్టరుగానీ అయివుండాలి, లేదా వాళ్ళ పర్యవేక్షణలో జరగాలి. నాకు అన్నిటికన్నా నచ్చింది మరొకటి. నర్సును పంపినప్పుడు, ఆమె అర్హత ఏమిటో రాసిన కాగితం ఒకటి ఆ ఇంటివాళ్ళకు ఏజెన్సీ ఇచ్చి తీరాలి. 2000లో వచ్చిన మరో చట్టం దాన్ని రద్దు చేసేదాకా అది నడిచింది.

ఆ ఒక్క కాగితం నా చేతికి వచ్చివుంటే? "ఈమె నర్సు కాదు, తోడు వుండడానికి పంపుతున్నాం" అని రాసివుంటే? నేను ఆ పిల్లను పెట్టుకునేదాన్నే, తల దువ్వడానికీ అన్నం పెట్టడానికీ. పక్కకు తిప్పడం, పుండు పడకుండా చూసుకోవడం ఎట్లాగో డాక్టరుగారిని అడిగి నేను నేర్చుకునేదాన్ని. బి.పి. నేను చూసేదాన్ని. ఆవిడకు ఆ బాధ తప్పేది.

మన దగ్గర మనుషులను సప్లయి చేసే కాంట్రాక్టర్ల మీద చట్టమే లేదా అంటే, వుంది. 1970లో కాంట్రాక్టు కార్మికుల చట్టం వచ్చింది. 20 మందినిగానీ అంతకు మించిగానీ పనివాళ్ళను సప్లయి చేసే కాంట్రాక్టరు లైసెన్సు తీసుకోవాలి. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు యజమాని ఇవ్వాలి. ఇప్పుడు ఆ చట్టం స్థానంలో 2020 నాటి కార్మిక స్మృతి 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. 20 అన్న అంకె 50 అయింది. అయితే ఇవన్నీ ఫ్యాక్టరీలకు, ఆఫీసులకు, ఆసుపత్రులకు. మన ఇంటి పడకగది ఏ చట్టంలోనూ "సంస్థ" కాదు. ఆసుపత్రులకు, నర్సింగుహోములకు 2002లో మన రాష్ట్రంలో వేరే రిజిస్ట్రేషను చట్టం వచ్చింది. అది వైద్యం జరిగే చోటికి వర్తిస్తుంది. ఫోనూ, టేబులూ, రెండు కుర్చీలూ వున్న బ్యూరోలో వైద్యమెక్కడిది?

నవ్వు వచ్చే సంగతి ఒకటి చెబుతాను. మన ఇంటి గేటు దగ్గర కూర్చునే వాచ్‌మన్‌ను పంపే ఏజెన్సీకి లైసెన్సు వుండాలి. 2005లో పార్లమెంటు ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం చేసింది. ఆ మనిషి పూర్వాపరాలు విచారించాలి, శిక్షణ ఇవ్వాలి, లైసెన్సు లేకుండా నడిపితే శిక్ష. గేటు బయట కూర్చునేవాడికి ఇంత. లోపలికి వచ్చి ముసలావిడకు ఇన్సులిను సూది గుచ్చే మనిషిని పంపేవాడికి బట్టలకొట్టు సర్టిఫికెట్టు చాలు.

ప్రభుత్వం తన ఆసుపత్రుల విషయంలో ఏం చేసిందో కూడా చెప్పుకోవాలి. కొన్నేళ్ళుగా సర్కారు దవాఖానాల్లో సగం పనులు "పొరుగు సేవలు" అనే పేరుతో ఏజెన్సీల ద్వారా నడుస్తూ వచ్చాయి. జీతం ప్రభుత్వం ఇస్తుంది, మధ్యలో ఏజెన్సీ చేతికి వెళుతుంది. అక్కడ కమీషను పోతుంది. ప్రావిడెంటు ఫండు కట్టారో లేదో తెలియదు. రెండు మూడు నెలలు జీతాలు అందని వాళ్ళు మా వూళ్ళోనే వుండేవారు. ఈ దళారులను తప్పించాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పొరుగు సేవల కార్పొరేషను ఒకటి పెట్టింది. ఆప్కాస్ అని పేపర్లలో చదివే వుంటారు. 2020 జూలై 3న అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి గారు దాన్ని ప్రారంభించారు. వుద్యోగాల్లో సగం ఆడవాళ్ళకు అన్నారు. ఏజెన్సీని అదుపు చేయడం కష్టమని ప్రభుత్వమే ఏజెన్సీ అయి కూర్చుందన్నమాట. ఆ వుద్యోగాలు పర్మనెంటు కాలేదు, అది వేరే కథ. కానీ నెలనెలా జీతం నేరుగా బ్యాంకులో పడడమన్నది, అప్పటిదాకా దళారి గుమ్మం ముందు నిలబడ్డ మనిషికి చిన్న విషయం కాదు.

అదే ఏడు కరోనా. తాత్కాలిక నర్సుల విలువ అప్పుడు అందరికీ తెలిసింది. చప్పట్లు కొట్టాం, పళ్ళేలు మోగించాం. మరుసటి ఏడు, 2021 జూలైలో, తెలంగాణలో పొరుగు సేవల మీద తీసుకున్న వెయ్యిమందికి పైగా నర్సులను పనిలోంచి తీసేస్తే వాళ్ళు హైదరాబాదు రోడ్లమీద కూర్చున్నారు. అమెరికాలో దీనికి పూర్తిగా ఎదురు కథ నడిచింది. అక్కడ కరోనాలో ఏజెన్సీ నర్సులకు ఎక్కడలేని గిరాకీ వచ్చి, ఏజెన్సీలు అడిగినంత ఇవ్వలేక ఆసుపత్రులు గగ్గోలు పెట్టాయి. మిన్నెసోటా రాష్ట్రం మాత్రం 2001లోనే ఏజెన్సీలను నమోదు చేసి, వాళ్ళు వృద్ధాశ్రమాల దగ్గర ఇంతకు మించి వసూలు చేయకూడదని హద్దు గీసింది.

ఇక మా నెల్లూరు సీమ ఆడవాళ్ళకు బాగా తెలిసిన ఏజెంటు ఇంకొకడు వున్నాడు. కువైటు ఏజెంటు. నెల్లూరు, కడప, చిత్తూరు వైపు ఆ మాట అనగానే ఏ వీధిలోనైనా ఒక కథ వస్తుంది. ఇళ్ళలో పనికి వెళ్ళేవాళ్ళు కొందరు, నర్సులుగా వెళ్ళేవాళ్ళు కొందరు. ఈ ఏజెంట్ల మీద మాత్రం మన ప్రభుత్వానికి చాలా పాత అనుభవం వుంది. 1860లో మద్రాసు రేవు నుంచి ట్రూరో అనే ఓడ చెరకుతోటల కూలీలను ఎక్కించుకుని నాటాల్‌కు వెళ్ళింది, అందులో తెలుగువాళ్ళూ వున్నారు. ఆశలు పెట్టి మనుషులను పట్టుకొచ్చే దళారులను అదుపు చేయడానికి ఆ రోజుల్లోనే వలసదారుల రక్షకుడు అని ఒక అధికారిని పెట్టారు. కూలి ఒప్పందాల మీద మనుషులను పంపడం 1917లో ఆగింది. 1922లో వలస చట్టం వచ్చింది. దాని స్థానంలో 1983 చట్టం వచ్చింది. ఆ వలసదారుల రక్షకుడి ఆఫీసు హైదరాబాదులో వుంది. ఓడ కూలీల కోసం పుట్టిన ఆఫీసు, విమానమెక్కే నర్సమ్మను కాపాడవలసి వచ్చింది.

1983 చట్టం ప్రకారం ఏజెంటుకు రిజిస్ట్రేషను వుండాలి, డిపాజిట్టు కట్టాలి. పిల్ల దగ్గర వసూలు చేసే ఫీజుకు హద్దు వుంది. 2009లో అది 20 వేలు, 2017లో 30 వేలు చేశారు, పన్ను అదనం. హద్దు కాగితం మీద వుంటుంది. 2015లో కొచ్చిలో బయటపడ్డ వ్యవహారం విన్నారు కదా. కువైటు ప్రభుత్వాసుపత్రులకు నర్సులను పంపిన ఒక సంస్థ 19,500 రూపాయలు తీసుకోవలసిన చోట ఒక్కొక్క పిల్ల దగ్గర 19 లక్షల 50 వేలు తీసుకుందని సి.బి.ఐ. అభియోగం. రక్షకుడి కుర్చీలో వున్న అధికారి మీద కూడా కేసు పెట్టారు. అంతకు ముందు ఏడాది, 2014లో, ఇరాక్‌లోని తిక్రిత్ పట్టణంలో యుద్ధం మధ్య చిక్కుకున్న 46 మంది మన నర్సులు జూలై 5న కొచ్చిలో విమానం దిగిన దృశ్యం టీవీలో చూసి నేను ఏడ్చాను. వాళ్ళలో చాలామంది చదువుకు చేసిన అప్పు, ఏజెంటుకు కట్టిన అప్పు తీరకనే వెనక్కి వచ్చినవాళ్ళు.

ఈ రెండు దెబ్బల తరవాత, 2015లోనే కేంద్రం ఒక గట్టి ఉత్తర్వు ఇచ్చింది. గల్ఫు దేశాలతో సహా 18 దేశాలకు నర్సులను ప్రైవేటు ఏజెంట్లు పంపకూడదు, రాష్ట్రప్రభుత్వాల సంస్థలే పంపాలి. మొదట కేరళ సంస్థలు రెండు, తరవాత మన ఆంధ్రప్రదేశ్ ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కంపెనీ, తెలంగాణవారి టామ్‌కామ్ మొదలైనవి ఆ జాబితాలో చేరాయి. కువైటుకు వెళ్ళే నర్సు విషయంలో ప్రభుత్వం ఇంత దూరం వచ్చింది. గూడూరు నుంచి కోటకు వచ్చే నర్సు విషయంలో ఒక్క అడుగు పడలేదు.

అడుగు వేసిన రాష్ట్రాలు లేకపోలేదు. ఛత్తీస్‌గఢ్ 2013లో, జార్ఖండ్ 2016లో ప్రైవేటు ప్లేస్‌మెంటు ఏజెన్సీల చట్టాలు చేశాయి. ఢిల్లీలో 2014లో ఒక ఉత్తర్వు వచ్చింది. పల్లెల నుంచి ఆడపిల్లలను ఢిల్లీ ఇళ్ళలో పనికి తీసుకుపోయి మాయం చేస్తున్నారని గోల పుట్టాక వచ్చినవి అవి. 2025 జనవరి 29న సుప్రీంకోర్టు, ఇంటిపనివాళ్ళకు చట్టం అవసరమో కాదో పరిశీలించడానికి కమిటీ వేయమని కేంద్రాన్ని ఆదేశించింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లోనే ఒక ఒడంబడిక చేసింది, వుద్యోగం ఇప్పించే ఏజెన్సీ పనివాళ్ళ దగ్గర ఫీజు తీసుకోరాదని. మనదేశం దానిమీద సంతకం పెట్టలేదు. నర్సుల చదువు వరకు 2023లో జాతీయ నర్సింగు కమిషను చట్టం వచ్చింది. అదీ మంచిదే. కానీ బ్యూరో గోడమీద ఏ సర్టిఫికెట్టు వుండాలో అది చెప్పలేదు.

నేను ఒకవైపే చెబుతున్నానని అనుకోకండి. బ్యూరోలు మూసేస్తే మన గతేమిటి? కొడుకులు అమెరికాలో, కూతుళ్ళు బెంగుళూరులో, ముసలివాళ్ళు మంచంలో. రేపు మనమూ అంతే. నిజమైన జి.ఎన్.ఎం. నర్సు మూడేళ్ళు చదివి వస్తుంది. 2016లో సుప్రీంకోర్టు చెప్పగా ఏర్పడిన కమిటీ, చిన్న ఆసుపత్రిలో కూడా నర్సుకు 20 వేలకు తక్కువ ఇవ్వకూడదని సిఫారసు చేసింది. ఆమెను ఇరవై నాలుగు గంటలు ఇంట్లో పెట్టుకుని 18 వేలు ఇస్తామన్న మాకు, నర్సు దొరుకుతుందని అనుకోవడంలోనే కాస్త అత్యాశ వుంది కదూ? బ్యూరో అబద్ధం చెప్పింది, చవగ్గా వుందని మేం నమ్మాం.

తరవాత ఏమయిందంటే, గూడూరులో రిటైరయిన ప్రభుత్వాసుపత్రి నర్సమ్మ ఒకావిడ రోజూ సాయంత్రం బస్సులో వచ్చి పుండుకు కట్టు కట్టేవారు. మొదటిరోజు అడగకముందే సంచిలోంచి పాత రిజిస్ట్రేషను కార్డు తీసి చూపించారు. మడతలు పడి, మూలలు చిరిగివుంది. నాకు దిండ్లు ఎక్కడ పెట్టాలో, మనిషిని దుప్పటితో ఎట్లా తిప్పాలో నేర్పారు. ఆ పిల్లను పంపించెయ్యలేదు. ఆవిడ పక్కన నిలబడి అదీ నేర్చుకుంది. బి.పి. ఎట్లా చూడాలో మొదటిసారి చెవికి గొట్టం పెట్టుకుని విన్నరోజున, "అక్కా, కొట్టుకుంటా వుంది, వినబడతా వుంది!" అని కేక వేసింది. ఆ సాయంత్రం పుస్తకంలో 150, 90 అని రాసింది.

ఏడు వారాలకు మా అత్తగారు వాకరు పట్టుకుని లేచి నిలబడ్డారు. పిల్ల వెళ్ళేటప్పుడు బ్యూరోకు నేను ఫోను చేసి, డిపాజిట్టు, సర్టిఫికెట్టు ఇవ్వకపోతే కార్మికశాఖకు రాస్తానన్నాను. ఆ దుకాణాల చట్టం సర్టిఫికెట్టు ఇచ్చినవాళ్ళు ఆ శాఖవాళ్ళే కదా. నెల తిరక్కముందే రెండూ ఇచ్చారు. ఇంటరు మళ్ళీ కట్టి ప్యాసయింది. నర్సింగు స్కూలులో సీటుకు అప్లికేషను పెట్టడానికి ఏ కాగితాలు కావాలో అడుగుతూ పోయిన నెలలో ఫోను చేసింది. పదో తరగతి సర్టిఫికెట్టు అసలుది కావాలి, జాగ్రత్తగా వుంచుకున్నావా అని అడిగాను. పెట్టెలో పెట్టి తాళం వేసిందట.